వాంగ్మూలం వెనక ప్రశ్నలు

అమ్మాయీ,

నీ నవల మొదటి రెండు అధ్యాయాలూ చదివాను. పెళ్లికాకుండా తల్లయి, ఆ బిడ్డ చావు విషయంలో 1880ల్లో బోనెక్కిన గోదావరి జిల్లా ఆడమనిషి గురించి రాయాలని నీకు అనిపించడమే నాకు గొప్ప సంతోషం. నచ్చనిది రెండో అధ్యాయం. అందులో ఆమె జడ్జి ముందు నిలబడి పేజీన్నర మాట్లాడింది. ఆ కోపం నీది, న్యాయమైన కోపమే. కానీ ఆమెని అంతసేపు మాట్లాడనిచ్చిన కోర్టు నాకు ఏ ఫైల్లోనూ కనిపించలేదు.

ముందు కోర్టులో వాంగ్మూలం కాగితం ఎలా తయారయ్యేదో తెలుసుకో. 1882 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం ముద్దాయిని అడిగిన ప్రతి ప్రశ్నా, ఇచ్చిన ప్రతి జవాబూ పూర్తిగా రాయాలి, వీలైతే ఆమె మాట్లాడిన భాషలోనే. సాక్షుల సంగతి వేరు. వాళ్లు చెప్పింది మామూలుగా ప్రశ్నలు తీసేసి, కథ చెప్పినట్టు వరసగా రాసేవారు. అందుకే మంత్రసాని, ఊరి పెత్తనం చూసే మునసబు, పొరుగావిడ అందరూ తమంతట తామే వచ్చి ధారాళంగా చెప్పినట్టుంటుంది. ముద్దాయి మాత్రం "లేదు", "తెలియదు", "నాకు స్పృహ లేదు" అని ముక్కముక్కలుగా వినిపిస్తుంది. చదివినవాళ్లు ఆమెని మొండిదనుకుంటారు.

పొరుగావిడ సాక్ష్యంలో ఇలా ఉందనుకో: "ముద్దాయిది మా పక్కిల్లే. నాలుగైదు నెలల నుంచి కడుపు ఎత్తుగా కనబడేది. జబ్బు చేసిందని చెప్పింది. నిజమేననుకున్నాను." పక్కన పెన్సిలుతో, పోయిన ప్రశ్నలు రాసుకో. ఈమెను ఎరుగుదువా? ఎప్పటి నుంచి చూస్తున్నావు? అడిగావా? నమ్మావా? ఆ చివరిదాని దగ్గర కాసేపు ఆగు. పిల్లల్ని కని పెంచిన ఆడది, జబ్బేదో నెలలు నిండటమేదో పోల్చుకోలేదా? తెలుసునంటే, మరి మునసబుకి ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న వచ్చి పడుతుంది. ఆవిడ టెన్షన్ అది. అంటే ఇన్ని నెలలూ ఈ పొరుగావిడ నోరు విప్పలేదు, ఎవరికీ పట్టివ్వలేదు. ప్రాసిక్యూషన్ తరఫున చెప్పిన సాక్ష్యంలో ఒక స్నేహం దాక్కుని ఉండొచ్చు. నువ్వు రాయవలసింది ఇదీ అంటాను నేను.

డాక్టరు రిపోర్టు చదవడానికి గుండె చిక్కబట్టుకోవాలి. శిశువు ఊపిరితిత్తుల్ని నీళ్లలో వేసి చూసేవారు. తేలితే బిడ్డ ఊపిరి పీల్చిందని లెక్క. శరీరం కుళ్లడం మొదలైనా అవి తేలుతాయి, ఆ సంగతి ఆనాటి వైద్యులకీ తెలుసు. అయినా తల్లి ప్రాణం ఆ పరీక్ష మీద వేలాడేది. బతికి పుట్టిన బిడ్డను చంపిందని తేలితే హత్య, పీనల్ కోడ్ 302. ఆ రుజువు లేక, శవాన్ని రహస్యంగా పూడ్చి కాన్పు దాచిందని మాత్రమే తేలితే 318, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లు. ఈమధ్యే కాన్పయిందనడానికి గుర్తుగా రొమ్ముల్లో పాలున్నాయేమో కూడా చూసి రాసేవారు. బిడ్డ కోసం వచ్చిన పాలు ఆమెకి ఎదురు సాక్ష్యమయ్యాయి. కాన్పుకీ ఆ పరీక్షకీ మధ్య ఎన్ని రోజులో తేదీలు చూసి లెక్కేయి. పచ్చి బాలింత తాలూకా ఊరిదాకా నడిచిందా, బండి కట్టారా? పథ్యం ఎవరు పెట్టారు? ఇవి ఫైల్లో ఉండవు. ఊహించాల్సింది ఇక్కడ.

గోదావరి జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్లక తప్పదు. ఇంగ్లీషు స్పెల్లింగుల్ని నమ్మకు, ఒకే పేరుని రకరకాలుగా వెతుకు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షని హైకోర్టు ఖాయం చేయాలి గనక ఆ కేసుల జాడ సులువుగా దొరుకుతుంది. అలా దొరికినవాళ్లే మొత్తం అనుకోవద్దు. ఆదెమ్మ అనే ఆవిడ కేసు 1886లో మద్రాసు హైకోర్టుకి వెళ్లింది. నెల గర్భమే కాబట్టి గర్భస్రావం నేరం కిందికి రాదని కింది కోర్టు వదిలేస్తే, గర్భం నిలిచిన క్షణం నుంచే చట్టం వర్తిస్తుందని హైకోర్టు చెప్పింది. లా పుస్తకాల్లో ఆమె పేరు ఇప్పటికీ ఉంది. ఆమె ఎలా బతికిందో వాటికి అక్కర్లేదు.

ఇంకో మాట, మగవాడి గురించి. సూరత్‌లో 1881లో విజయలక్ష్మి అనే వితంతువుకి, పుట్టిన బిడ్డను చంపినందుకు ఉరిశిక్ష పడింది. అప్పీలులో శిక్ష తగ్గింది. పత్రికలు వితంతువుల నీతి మీద పడితే, మరాఠీలో తారాబాయి షిండే 1882లో పుస్తకమే అచ్చువేసి మగవాళ్లని నిలదీసింది. మన రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది కూడా 1881 డిసెంబరులోనే. నీ కథ నడిచే కాలం అది. అలాంటప్పుడు బిడ్డ తండ్రిని జమీందారు కొడుకుని చేసేసి ఊరుకుంటే ఎలా? చెడ్డవాడు దొరికాడని పాఠకుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. మరిది కావచ్చు, కరణం కావచ్చు, ఆమె ఇష్టపడ్డవాడే కావచ్చు. తెలియకపోతే ఖాళీగా వదిలెయ్యి.

తెలుసుకోవాలనుంటే మనోవర్తి ఫైళ్లు చూడు. మొదట చెప్పిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 488వ సెక్షన్ కింద, పెళ్లికాని తల్లి కూడా బిడ్డ పోషణ కోసం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లగలిగేది. అప్పట్లో నెలకి 50 రూపాయలకి మించకుండా ఇప్పించేవారు. అదీ బిడ్డకే, ఆమెకి దమ్మిడీ లేదు. కానీ ఈ ఆడవాళ్లని ఎవరూ పట్టి తేలేదు. తమ కాళ్ల మీద తామే వచ్చి, ఫలానావాడు తండ్రి అని పేరు పెట్టి చెప్పారు. వాడు కాదన్నాడు, మళ్లీ చెప్పారు. నువ్వు రాసిన ఆ పేజీన్నర గొంతు వీళ్లలో ఎవరిదన్నా కావచ్చు.

రెండో అధ్యాయం ప్రస్తుతానికి పక్కన పెట్టు. పొరుగావిడ సాక్ష్యం, మంత్రసాని సాక్ష్యం నకళ్లు ఉంటే నాకు పంపు. తేదీలున్న కాగితాలు ముందు పంపు.

ఆశీస్సులతో,
అక్కయ్య