మూడు నిమిషాల డాక్టరు, మూడు ఫైళ్ళ ఖర్చు

ప్రశ్న: ఒంగోలు నుంచి వచ్చి చెన్నై షోలింగనల్లూరులో ఉంటున్నాం. నాన్నకు 64 ఏళ్ళు, షుగరు, బీపీ. ఆరు నెలల్లో ముగ్గురు డాక్టర్లను మార్చాం. ఎవరూ మూడు నిమిషాలు మించి వినరు, ప్రతి ఒక్కరూ టెస్టులన్నీ మళ్ళీ రాస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముగ్గురు డాక్టర్లంటే మూడు కొత్త ఓపీ ఫైళ్ళు, మూడు ఈసీజీలు, మూడుసార్లు రక్తం. లెక్క వేసి చూశావా బాబూ? ఒంగోలులో అయితే మీ నాన్న ఎవరో, ఎప్పటినుంచి ఏ మందు వాడుతున్నారో డాక్టరుకే గుర్తుంటుంది. ఇక్కడి డాక్టరు దగ్గర మీ నాన్న వెనకటి చరిత్ర లేదు. లేనప్పుడు మొదటినుంచి పరీక్షలు రాయడం డాక్టరు తప్పు కాదు. ఈ ఊళ్ళో పాతబడ్డ మేమంతా ఈ ఫీజు కట్టి నేర్చుకున్నవాళ్ళమే. నువ్వూ కట్టావు, ఇక చాలు.

కొత్తగా వచ్చినవాళ్ళు చేసే మొదటి పని, జలుబుకి కూడా పెద్దాసుపత్రికి పరిగెత్తడం. ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో, సాయంత్రం క్లినిక్ పెట్టుకున్న జనరల్ ఫిజీషియన్‌ని ఒకరిని ఖాయం చేసుకో. షుగరు, బీపీ ఆయన చూస్తారు. గుండెకో కిడ్నీకో స్పెషలిస్టు కావాల్సి వస్తే ఆయన చేతే ఉత్తరం రాయించుకో. ఆ ఉత్తరంలో ఇప్పటిదాకా జరిగిందంతా నాలుగు వాక్యాల్లో ఉంటుంది కాబట్టి అవతలి డాక్టరు సగం ప్రశ్నలు అడగక్కర్లేదు. మొదటిరోజే కౌంటరులో రెండు సంగతులు కనుక్కో: ఎన్ని రోజుల్లోపు మళ్ళీ వస్తే ఫీజు ఉండదు, రిపోర్టు ఫోన్లో పంపితే చూస్తారా లేదా. చాలామంది అడగరు, ఊరికే రెండో ఫీజు కడతారు.

ఇక మూడు నిమిషాల సంగతి. ఆ మూడు నిమిషాల్లో రెండు నిమిషాలు కవర్లో కాగితాలు వెతకడానికే పోతాయి. ఫైలు పైన ఒక్క పేజీ పెట్టు: పేరు, వయసు, ఏ జబ్బు ఏ సంవత్సరం నుంచి, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు, ఇప్పుడు వేసుకునే మాత్రలు. మాత్రకు బ్రాండు పేరు చాలదు, అందులోని మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దున-మధ్యాహ్నం-రాత్రి లెక్కన 1-0-1 అనో 0-0-1 అనో రాయాలి. ఎందుకంటే ఒంగోలు డాక్టరు రాసిన షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఒక పేరుతో ఉంటుంది, ఇక్కడి డాక్టరు రాసిన, గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగరు మందు, మెట్‌ఫార్మిన్ కలిపిన మాత్ర ఇంకో పేరుతో ఉంటుంది. పెద్దాయన రెండూ వేసుకుంటారు. పాత మాత్రలోనూ గ్లిమెపిరైడ్ ఉంటే షుగరు ఒక్కసారిగా పడిపోయి, చెమటలు పట్టి, రాత్రిపూట ఎమర్జెన్సీకి పరుగు. స్ట్రిప్పులు కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న వైపు చివరిదాకా ఉంచండి. సిద్ధ వైద్యం (తమిళనాట నాటు వైద్యం) మందులు, ఊరినుంచి తెచ్చిన చూర్ణాలు, మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి కొనే మాత్రలు కూడా ఆ పేజీలో ఉండాలి. నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. అవి దాచిపెడితే డాక్టరు బీపీ మందు పెంచుకుంటూ పోతాడు.

బీపీ ఇంట్లో ఏడు రోజులు చూసి రాసుకెళ్ళండి. అరగంట ముందు కాఫీ వద్దు. అయిదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని, కాళ్ళు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్లమీద పెట్టి, పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు. మధ్యలో ఒక నిమిషం. మాట్లాడకూడదు, అది మన పెద్దవాళ్ళకు కష్టమే అనుకో. తిన్నాక చేసే షుగరు పరీక్షకు రెండు గంటలు మొదటి ముద్ద నుంచి లెక్క, చేయి కడుక్కున్నప్పటినుంచి కాదు. పరీక్ష కదా అని టిఫిన్‌తో వేసుకోవాల్సిన మాత్ర మానేస్తే అంకె పెరుగుతుంది, దాన్ని చూసి డాక్టరు డోసు పెంచుతారు. డాక్టరు ఆపమంటే తప్ప ఆపొద్దు.

గదిలోకి వెళ్ళగానే అసలు బాధ మొదటి మాటగా చెప్పాలి. లేచి వచ్చేస్తూ తలుపు దగ్గర "ఆఁ, మెట్లెక్కితే గుండె పట్టేస్తోంది" అంటే అప్పటికి తర్వాతి టోకెన్ లోపలికి వచ్చేసి ఉంటుంది. మనవాళ్ళు అన్నిటికీ "గ్యాస్" అంటారు. ఆ మాట వద్దు. ఎక్కడ, ఎంతసేపు, నడిస్తే పెరుగుతుందా, ఎడమ చేతికో దవడకో పాకుతుందా, చెమట పట్టిందా, ఇవి చెప్పాలి. చెన్నైలో తెలుగు వచ్చిన డాక్టర్లకు కొదవ లేదు, కానీ నర్సుకీ మందుల షాపుకీ నాలుగు అరవం ముక్కలు కావాలి: నెంజు వలి అంటే ఛాతీ నొప్పి, నెంజెరిచ్చల్ అంటే మంట, మయక్కం అంటే కళ్ళు తిరగడం. మందుల కవరు మీద కాలై, మదియం, ఇరవు అంటే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి.

డబ్బు సంగతి అడగడానికి సిగ్గుపడకు. "ఈ పరీక్ష ఫలితం వస్తే మందు మారుతుందా? వచ్చే నెలదాకా ఆగొచ్చా?" అని మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడరు. "జెనరిక్ రాయండి సార్" అన్నా అంతే.

ఆసుపత్రిలో చేరేరోజు నోరు జాగ్రత్త. జూనియర్ డాక్టరు "షుగరు ఎన్నాళ్ళుగా?" అంటే పక్కనున్న అత్తయ్య "ఓ పదేళ్ళ నుంచీ" అంటుంది. నిజానికి ఆరేళ్ళే. ఆ పదేళ్ళు కేసు షీట్లోకి ఎక్కుతాయి, పాలసీ తీసుకునేటప్పుడు దాచారని బీమా కంపెనీ పట్టుకుంటుంది. అబద్ధం చెప్పమనడం లేదు, ఆ ఒక్క పేజీ చూసి సరైన సంవత్సరం చెప్పమంటున్నాను. గది విషయం కూడా అంతే. పాలసీలో గది అద్దెకు రోజుకు 5,000 రూపాయల పరిమితి ఉండి 8,000 గది తీసుకుంటే పోయేది 3,000 మాత్రమే కాదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు ఛార్జీలాంటివి కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అవి 2,00,000 అయితే 1,25,000 వస్తుంది, మిగతా 75,000 నీ జేబు. మందులు, ఇంప్లాంట్లు (ఒంట్లో అమర్చే స్టెంటులాంటివి) ఈ కోతలోకి రావు. వివరాలు పాలసీ కాగితంలో ఉంటాయి, చదువుకో.

డిశ్చార్జి అయ్యేటప్పుడు స్కాను ఫిల్ముతోపాటు సీడీ కూడా అడిగి తీసుకో. చేరి వైద్యం చేయించుకున్నవాళ్ళు రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని రూలు ఉంది. ఇప్పుడు నీ దగ్గరున్న మూడు ఫైళ్ళూ పారేయకు. తేదీల వారీగా ఒకే ఫైల్లో పెట్టు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్త పరీక్ష) చేయించి మూడు నెలలు కాకపోతే ఆ రిపోర్టు పైన పెట్టి నాలుగో డాక్టరుకు చూపించు, మందు మార్చి ఉంటే తప్ప సాధారణంగా మళ్ళీ అక్కర్లేదు. ముందటి ముగ్గురినీ ఆయన దగ్గర తిట్టకు.