కొడుకుకు ఇంటి తాగుడు సంగతి చెప్పడం గురించి

చిరంజీవి అల్లుడికి,

దేవరకొండ నుంచి మీ అత్త ఆశీస్సులు. కొడుకు ఇంటర్‌కు వచ్చాడు, వాడితో మీ బాపు తాగుడు సంగతి ఎత్తాలా వద్దా అని అడిగావు. తప్పకుండా ఎత్తు. అదీ వాడు ఏదో ఒక దావత్‌లో మొదటి గ్లాసు పట్టకముందే ఎత్తు. ఎంత చిన్న వయసులో తాగడం మొదలుపెడితే అది వ్యసనంగా ముదిరే ముప్పు అంత ఎక్కువ.

ముందుగా మీ అమ్మతో మాట్లాడు. తాగుడుతో లివర్ చెడి చనిపోయిన మీ బాపును పచ్చకామెర్లతో పోయాడని ఇన్నేళ్లుగా నలుగురికీ చెప్పుకుంటూ వచ్చిన ఆమెకు తెలియకుండా మనవడికి అసలు సంగతి చెప్తే, ఆమె నొచ్చుకుంటుంది, వాడు ఎవరి మాట నమ్మాలో తెలియక నలిగిపోతాడు.

మద్యానికి బానిసయ్యే విషయంలో మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడాలో దాదాపు సగం పుట్టుకతో వచ్చేదేనని కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. దీని వెనుక ఒక్క జన్యువు కాదు, చాలా ఉన్నాయి. కాబట్టి ఫలానావాడికి వస్తుంది, ఫలానావాడికి రాదు అని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. ఇంట్లో షుగరు ఉంటే పిల్లలకు ఎలా చెబుతామో, ఇదీ అలాగే చెప్పు. మీ బాపును తిట్టవద్దు, వెనకేసుకురావద్దు.

మీ తాత ఎంత కల్లు తాగినా నాగటి చాలు వంకర పోనిచ్చేవాడు కాదని మన ఇంట్లో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నీ కొడుకూ ఆ మాట వింటూనే పెరిగాడు. దాన్నే పట్టుకుని మాట్లాడు. తొందరగా తల తిరిగి వాంతి చేసుకునేవాడు అక్కడితో ఆగుతాడు, ఏమీ కానివాడు మరో గ్లాసు పోసుకుంటాడు. ఎంత తాగినా నిషా ఎక్కకపోవడం బలం కాదని, వ్యసనం వైపు జారే శరీరానికి అది ఒక గుర్తని వాడికి అర్థమయ్యేలా చెప్పు. బంధువులందరి ముందు వద్దు, ఎవరో తాగి వచ్చిన రోజు అసలే వద్దు. పొలం దగ్గర మోటరు పెట్టి ఇద్దరే కూర్చున్న వేళ చెప్పు. కూతురికీ ఇలాగే చెప్పు. ఈ వారసత్వం ఆడపిల్లలకూ వస్తుంది, పైగా ఆడవారి శరీరం తక్కువ మద్యానికే ఎక్కువ దెబ్బతింటుంది.

మీ తమ్ముడి సంగతి వేరు. రోజూ దుకాణం కల్లు తాగేవాడిచేత అయ్యప్ప మాల వేయించి ఒక్కసారిగా మాన్పిద్దామన్నావు. మాల వేయించాలన్న నీ ఆలోచన మంచిదే, కానీ డాక్టరును కలిశాకే వేయించు. మన పాలమూరు, నల్లగొండ వైపు కల్లులో ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన ఉదంతాలు ఎన్నో బయటపడ్డాయి; అలాంటి కల్లుకైనా, రోజూ ఎక్కువగా తాగే మద్యానికైనా అలవాటుపడిన శరీరం ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి మాట్లాడవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఆ తరువాత మానసిక వైద్యుడి దగ్గరకు నీవే వెంట వెళ్లు, వాడు రోజుకు ఎంత తాగుతాడో, ఎప్పటి నుంచి తాగుతున్నాడో దాచకుండా చెప్పు.

మీ అత్త