ఫోను ఎత్తకపోతే ప్రాణం పోతోంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆందోళన గురించే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి నాలుగు తీసుకున్నాను. మొదటిదానికి ఎక్కువ జాగా ఇచ్చినందుకు మిగతావాళ్లు నొచ్చుకోవద్దు. మీ ప్రశ్నలకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 48. మా అబ్బాయి ఉద్యోగం కోసం వేరే నగరంలో ఉంటున్నాడు. రోజూ సాయంత్రం ఏడింటికి ఫోను చేస్తాడు. ఏడున్నరైనా చేయకపోతే నాకు చేతులు చల్లబడిపోతాయి. బండి మీద నుంచి పడ్డాడేమో, ఆసుపత్రిలో ఉన్నాడేమో, నాకు చెప్పకుండా దాస్తున్నారేమో అని ఒకదాని వెంట ఒకటి. మొన్న శుక్రవారం 7:32 నుంచి 8:20 లోపల పదిహేడు సార్లు చేశాను. ఎత్తకపోతే గదిలో తోడుండే అబ్బాయికి, చివరికి వాళ్ల పై అధికారికి కూడా చేశాను. మీటింగులో ఉన్నాడట. 'అమ్మా, నా పరువు తీశావు' అని రెండు రోజులు మాట్లాడలేదు. మావారు 'ఏమీ కాదు, ఊరికే ఆలోచించకు' అంటారు. ఆ మాట విన్న ఐదు నిమిషాలు బాగుంటుంది. తర్వాత మళ్లీ మామూలే. తల్లిని కదా, దిగులు పడకుండా ఎలా ఉంటాను?

జవాబు: అమ్మా, ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు మాటవరసకు రాసి ముందుకు వెళ్లిపోయారు. ఐదు నిమిషాలు బాగుంటుంది అన్నారు చూడండి, మీ బాధకు మూలం అక్కడే ఉంది. దాని దగ్గరకు వస్తాను.

ముందు ఆ చల్లబడే చేతుల సంగతి. ఎదురుగా లారీ దూసుకొస్తే ఏమవుతుంది? మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది, రక్తంలో అడ్రినలిన్ అనే హార్మోను పెరుగుతుంది, గుండె వేగం అందుకుంటుంది, రక్తం చర్మాన్ని వదిలి పెద్ద కండరాల వైపు మళ్లుతుంది. చేతులు చల్లబడేది అందుకే. పోరాడటానికో పారిపోవడానికో దేహం ఇలా సిద్ధమవుతుందని అమెరికన్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లోనే రాశాడు. లారీ దాటిపోతే ఆ భయమూ దిగిపోతుంది. మీ విషయంలో దాటిపోవడానికి లారీ లేదు, ఊహ మాత్రమే ఉంది. పోరాడాలన్నా పారిపోవాలన్నా ఎదుట ఎవరూ లేరు. పరుగుకు సిద్ధమైన శరీరం కుర్చీలో కూర్చుని ఫోను వంక చూస్తూ ఉంటుంది. అలసిపోదా మరి?

ఇంత కష్టపెట్టేదాన్ని మనం ఎందుకు వదులుకోలేం? పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేసిన మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ చెప్పిన కారణం నాకు చాలా నచ్చుతుంది. మనం భయపడే వాటిలో చాలా భాగం జరగవు. జరగనప్పుడల్లా మనసు ఆ గొప్పను చింతకే కట్టబెడుతుంది. నేను అంతగా తల్లడిల్లాను కాబట్టే బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాడు! పైకి ఎవరూ ఒప్పుకోరు గానీ లోపలి నమ్మకం అదే. చింతించడం మానితే ఏదో కీడు జరుగుతుందని ఇంకో భయం. పైగా ఎంత దిగులు పడితే అంత ప్రేమ ఉన్నట్టని మన లెక్క. తల్లిని కదా అన్నారు. కటువుగా చెబుతున్నాను, ఏమనుకోకండి: శుక్రవారం ఆ ముప్పావు గంటలో మీ అబ్బాయికి మీ వల్ల ఒరిగిందేమీ లేదు. మీ ప్రేమను నేను శంకించడం లేదు. ఆ పదిహేడు ఫోన్లు మాత్రం వాడి కోసం చేసినవి కావు, మీ గుండె దడ తగ్గించుకోవడానికి చేసినవి.

దడ తగ్గుతుంది కూడా, చిక్కంతా అదే. వాడి గొంతు వినగానే ప్రాణం లేచి వస్తుంది. దాంతో మెదడు ఒక పాఠం గట్టిగా నేర్చుకుంటుంది: దడ పుడితే ఫోను చేయాలి, చేస్తేనే తగ్గుతుంది. ఏడున్నరకు మొదలయ్యేది కొన్నాళ్లకు ఏడుంబావుకే మొదలవుతుంది. మీవారి 'ఏమీ కాదు' కూడా ఆ కోవలోదే. పాపం మంచి మనసుతోనే అంటున్నారు. కానీ ఏమీ కాదని ఆయనకెలా తెలుసు? తెలియదని మీకూ తెలుసు, అందుకే ఆ మాట ఐదు నిమిషాలకు మించి నిలవదు. ఇక 'ఆలోచించకు' అనేది బొత్తిగా పనికిరాని సలహా. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త కొందరిని కూర్చోబెట్టి తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం తలచుకోవద్దన్నాడు. వాళ్లకు అది పదేపదే తలపుకు వస్తూనే ఉంది.

కెనడాలో మిషెల్ డ్యుగా అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1990లలో చేసిన పరిశోధనల్లో ఇంకొకటి తేలింది. అతిగా చింతించేవాళ్లకు అన్నిటికన్నా దుర్భరమైనది అనిశ్చితి. నా ఓపీ గదిలో నేను రోజూ చూసేదీ అదే. నిజంగా కష్టం వస్తే నడుం బిగించి నిలబడే మనుషులు, ఏమయిందో తెలియని అరగంటను మాత్రం భరించలేరు. కాబట్టి మీరు సాధన చేయాల్సింది ధైర్యాన్ని కాదు, ఆ తెలియని అరగంటను.

ఇలా చేయండి. ఏడున్నరకు ఫోను రాకపోతే ఒక్క సందేశం పంపి, ఎనిమిదింటి వరకు ఫోను ముట్టుకోకండి. దడ వస్తుంది, రానివ్వండి. మిమ్మల్ని మీరు ఊరడించుకోవద్దు, దేవుడికి మొక్కుకుంటూ కూర్చోవద్దు, వార్తల్లో ప్రమాదాల కోసం వెతకొద్దు. చేతిలో ఉన్న పని చేసుకుంటూ ఉండండి. ఎవరి ప్రమేయం లేకుండా ఆ దడ తనంతట తాను దిగడాన్ని మీ శరీరం కొన్నిసార్లు చూడాలి. అది అలవాటయ్యాక ఎనిమిదిని ఎనిమిదిన్నర చేయండి. అబ్బాయితో ముందుగానే మాట్లాడండి. నిజంగా అత్యవసరమైతే ఎవరు ఎవరికి కబురు చేయాలో ఒక్కసారి ఇద్దరూ అనుకుని రాసిపెట్టుకోండి. పై అధికారి నంబరు ఈ రోజే తీసేయండి.

ఒక నోటు పుస్తకం కూడా కొనండి. ఎడమ పేజీలో తేదీ, ఆ రోజు భయం, ఒక్క వాక్యంలో. 'ఏదో అయింది' అని రాస్తే ఒప్పుకోను. 'బండి ప్రమాదం జరిగింది' అని తేటతెల్లంగా రాయాలి. కుడి పేజీ ఖాళీగా వదిలి, అసలు సంగతి తెలిశాక నింపండి. నా దగ్గరకు వచ్చే ఒకావిడ పుస్తకంలో కుడి పేజీలు ఇలా ఉంటాయి: ఛార్జింగు లేదు. స్నానం. ఛార్జింగు లేదు. నిద్రపోయాడు. మరచిపోయాడు. ఛార్జింగు లేదు. ఒకే ఒక్క చోట 'జ్వరం, నిజమే' అని ఉంది. ఆ రోజు కంగారుగా అనిపించిందా అని అడిగితే, 'లేదండీ, మాత్ర ఏది వేసుకోవాలో, ఏ డాక్టరుకు చూపించాలో చెప్పే పనిలో పడ్డాను' అంది. 2020లో లాఫ్రెనియెర్, న్యూమన్ అనే పరిశోధకులు ఆందోళన రుగ్మత ఉన్న 29 మంది చేత ఇలాగే భయాలు రాయించి నెల రోజులు గమనిస్తే, 91.4 శాతం నిజం కాలేదు. చిన్న అధ్యయనమే, అయినా మీ పుస్తకం మీకు అంతకన్నా బాగా చెబుతుంది.

పగలంతా మిగతా దిగుళ్లు కూడా కమ్ముకుంటుంటే బోర్కోవెక్ బృందం 1983లో ప్రయోగించి చూసిన పద్ధతి ఒకటుంది. చింతకు రోజూ ఒకే సమయం, ఒకే చోటు కేటాయించాలి, అరగంట. పడక మీద మాత్రం వద్దు. మధ్యలో ఏ దిగులు వచ్చినా చీటీ మీద రాసి ఆ సమయానికి వాయిదా వేయాలి. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. ఆ వేళకు కూర్చుని చూస్తే చీటీలో సగం మీకే చప్పగా అనిపిస్తాయి.

ప్రశ్న: నా వయసు 24. రెండు నెలల కిందట బస్సులో నిలబడి ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు, పెదాలు, వేళ్ల చివరలు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. ఈసీజీ, రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ బాగున్నాయట. 'నీకేమీ లేదు' అని పంపేశారు. అప్పటి నుంచి బస్సెక్కడం లేదు. నీళ్ల సీసా, జేబులో ఒక మాత్ర లేకుండా గడప దాటను. ఏమీ లేకపోతే ఆ రోజు నాకు వచ్చిందేమిటి?

జవాబు: గుండెకు ఏమీ లేదు అని చెప్పాల్సిన చోట నీకేమీ లేదు అనడం మా వృత్తికి పట్టిన జాడ్యం. బాబూ, మీకు వచ్చినదాన్ని పానిక్ అటాక్ అంటారు. అలసట వల్లనో ఉక్క వల్లనో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. అది చూసి 'గుండెపోటు' అనుకుంటాం. ఆ తలపుతో అడ్రినలిన్ మరింత పెరుగుతుంది, గుండె మరింత కొట్టుకుంటుంది, అనుమానం రుజువైనట్టే ఉంటుంది. డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త 1986లో గీసిన చక్రం ఇదే. కంగారులో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. తిమ్మిర్లు, తల తేలిపోవడం దాని వల్లనే. ఊపిరి అందడం లేదనిపిస్తుంది గానీ నిజానికి మీరు అవసరానికి మించి పీలుస్తున్నారు. కాగితం సంచిలో ఊపిరి తీయమని ఎవరైనా చెబితే వినకండి. గాలి మెల్లగా, ఎక్కువసేపు వదలండి చాలు. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి తర్వాత దిగుతుంది.

సీసా, మాత్ర గురించి. ప్రతిరోజూ మీరు క్షేమంగా ఇంటికి వస్తున్నారు, ఆ ఘనత మాత్రం సీసాకు పోతోంది. పై ఉత్తరంలో ఆవిడకు ఫోను ఎలాగో మీకు సీసా అలాగ. మొదట రద్దీ లేనప్పుడు ఒక్క స్టాపు వెళ్లి దిగండి, సీసాతోనే. తర్వాత సీసా ఇంట్లో పెట్టి అదే ఒక్క స్టాపు. తర్వాత రెండు, ఆపైన రద్దీ వేళ. దడ మొదలైందని మధ్యలో దిగిపోవద్దు, అది తగ్గేదాకా ఉండి దిగండి. ఒంటరిగా కుదరకపోతే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స) తెలిసిన మనస్తత్వ నిపుణులు దగ్గరుండి చేయిస్తారు. కాఫీ తగ్గించండి, అందులోని కెఫీన్ సగం వదలడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఇంకొక్క మాట. శ్రమ పడినప్పుడు ఛాతీలో నొప్పి వచ్చి చేతికో దవడకో పాకితే మాత్రం పానిక్ అని మీరే తేల్చుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: అసలు చింతే లేకుండా బతకడం సాధ్యమా? ధ్యానం చేస్తే పూర్తిగా పోతుందా?

జవాబు: సాధ్యం కాదు, అవసరమూ లేదు. యర్క్స్, డాడ్సన్ అనే మనస్తత్వవేత్తలు 1908లో ఎలుకలకు కష్టమైన పని నేర్పుతూ చూశారు: తప్పు చేసినప్పుడు ఇచ్చే కరెంటు షాకు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా సరిగా నేర్చుకోలేదు, మధ్యస్థంగా ఉన్నప్పుడు త్వరగా నేర్చుకున్నాయి. పరీక్ష ముందు కాస్త గుబులు లేని పిల్లవాడు పుస్తకం తెరవడు. ధ్యానం మంచిదే, చేయండి. ధ్యానం చేస్తున్నా చింత పోవడం లేదేమిటా అని చింతించేవాళ్లు నా దగ్గరకు బాగానే వస్తుంటారు, ఆ జాబితాలో చేరకండి.

ప్రశ్న: నా వయసు 61. ఏడాదిగా ప్రతిదానికీ ఆందోళన. నిద్ర లేదు, మెడ పట్టేస్తుంది, చిరాకు. మానసిక వైద్యులు రెండు మాత్రలు రాశారు: ఒకటి రోజూ ఉదయం, రెండోది రాత్రి రెండు వారాలు. అలవాటైపోతాయి, జీవితాంతం వదలవు అని బంధువులు భయపెడుతున్నారు. చీటీ సొరుగులోనే ఉంది.

జవాబు: అయ్యా, ఆందోళనకు రాసిన మందు గురించి ఆందోళన పడి దాన్ని సొరుగులో పెట్టారన్నమాట! మీది ఒక్క విషయం మీద భయం కాదు. ఆరు నెలలకు మించి, చాలా విషయాల మీద, నిద్రనూ కండరాలనూ పట్టుకుని ఉంటే దాన్ని జనరలైజ్డ్ యాంగ్జయిటీ డిజార్డర్ అంటారు. 1980 నుంచి వైద్య గ్రంథాల్లో ప్రత్యేకంగా గుర్తించిన జబ్బు. స్వభావం అని సరిపెట్టుకోనక్కర్లేదు.

మీ బంధువుల మాటలో కొంత నిజముంది, కానీ రెండు మందులనూ ఒకే గాటన కట్టేశారు. ఇలా రాసినప్పుడు ఉదయం మాత్ర సాధారణంగా ఎస్ఎస్ఆర్ఐ (మెదడులో సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందు) తరగతిది. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కాస్త ఎక్కువ కంగారు ఉండవచ్చు. చాలామంది అక్కడే ఆపేసి 'నాకు పడలేదు' అంటారు. మత్తుమందులా ఇంకా ఇంకా కావాలనిపించేది కాదు. అయితే హఠాత్తుగా మానకూడదు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. రాత్రి మాత్ర బెంజోడయాజెపైన్ తరగతిది అయ్యుంటుంది. త్వరగా హాయినిస్తుంది, అలవాటయ్యేది ఇదే. మీ డాక్టరు రెండు వారాలని గీత గీసింది అందుకే. వయసు పైబడినవాళ్లు దీనివల్ల తూలి పడే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి మందుల దుకాణంలో అడిగి మీ అంతట మీరు పొడిగించుకోవద్దు, మద్యంతో కలిపి అసలే వద్దు. బతకాలని లేదన్న తలపు ఎప్పుడైనా వస్తే డాక్టరు మళ్లీ రమ్మన్న తేదీ దాకా ఆగకుండా ఆ రోజే వెళ్లండి.

మళ్లీ డాక్టరును కలిసినప్పుడు అడగాల్సినవి కాగితం మీద రాసుకెళ్లండి: మందు పేరు, తరగతి, ఎన్నాళ్లు, ఎలా తగ్గించాలి, మందుతో పాటు కౌన్సెలింగు దొరుకుతుందా. రాత్రి మాత్ర ఏ తేదీకి ఆపాలో చీటీ మీదే ఆయన చేత రాయించుకోండి.