అడగండి – చెబుతాం: ఇంటి అలారం వైరింగ్

ప్రశ్న: కొత్త ఇంటికి దొంగల అలారం పెట్టించాం. రెండు తలుపులు, ఆరు కిటికీల సెన్సార్లన్నీ ఒకే జోన్‌కు, అంటే ప్యానెల్ ఒక్కటిగా చూసే ఒకే వైరు దారికి కలిపారు. 5.6 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌ను (కరెంటుకు అడ్డుపడే చిన్న భాగం) ప్యానెల్ డబ్బాలోనే బిగించారు. గాలి వీచిన రాత్రల్లా సైరన్ మోగుతోంది, ఏ కిటికీయో తెలియడం లేదు. ఇంటికి తాళం వేసి మేడారం జాతరకు పోవాలి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు రెసిస్టర్ సంగతి. అది ఉండాల్సింది వైరు చివర, ఆఖరి సెన్సార్ దగ్గర. తలుపు మూసి ఉన్నంతసేపూ అయస్కాంతం దగ్గరగా ఉండి లోపలి రీడ్ స్విచ్ కలిసే ఉంటుంది, ప్యానెల్‌కు 5.6 కిలో ఓమ్‌లు కనిపిస్తాయి. తలుపు తెరిచినా, వైరు తెగినా ఆ దారి తెగి సైరన్ మోగుతుంది. మధ్యలో రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే సున్నా కనిపిస్తుంది, ప్యానెల్ పసిగడుతుంది. రెసిస్టర్ డబ్బాలోనే ఉంటే ఈ చివరి రక్షణ పోయినట్టే. కావాలని ఎవరో కలపనక్కర్లేదు. ఫొటో తగిలించడానికి కొట్టిన మేకు వైరులో దిగినా చాలు, ఆ తర్వాత కిటికీ బార్లా తెరిచినా ప్యానెల్ పలకదు.

ఇక గాలికి మోగడం. అలారం ఆపి, జోన్ టెర్మినల్ నుంచి రెండు వైర్లూ విప్పి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి తగిలించండి. ఇంకొకరు ఒక్కో కిటికీ రెక్కను ముందుకీ వెనక్కీ ఊపాలి. అంకె ఎక్కడ ఎగిరితే దోషం అక్కడే. ఎక్కువగా దొరికే దోషం అయస్కాంతానికీ స్విచ్‌కీ మధ్య సందు. మామూలు సెన్సార్ 15–20 మిల్లీమీటర్ల దాకా పట్టుకుంటుందని రాసి ఉన్నా, 5–8కి మించి వదలకండి. చెక్క రెక్కలు వానల్లో ఉబ్బుతాయి, ఎండల్లో కుంచించుకుపోతాయి. ఆషాఢంలో సరిపోయిన సందు వైశాఖానికి పెరుగుతుంది. గొళ్లెం వదులుగా ఉంటే ముందు గొళ్లెం మార్చండి. డబుల్ సైడ్ టేపును నమ్మొద్దు, ఓరుగల్లు ఎండకు జిగురు సడలి సెన్సార్ జారుతుంది. స్క్రూలే వేయించండి, మరీ బిగించకుండా. లోపలి రీడ్ స్విచ్ సన్నని గాజు గొట్టం. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులుంటే విప్పి సోల్డర్ చేయించండి.

ఆ తర్వాత జోన్లు విడగొట్టించండి. ముందు తలుపు ఒక్కటే ఒక జోన్, లోపలికొచ్చి అలారం ఆపుకునేందుకు దానికి 30 సెకన్ల ఆలస్యం. వెనుక తలుపు వేరు. కిటికీలు మూడేసి. ప్రతి జోన్ చివరా విడిగా ఒక రెసిస్టర్. ఒకే జోన్‌లోని సెన్సార్లు సిరీస్‌లోనే, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా ఒకే దారిలో ఉండాలి; పారలల్‌గా, అంటే పక్కపక్క దారుల్లో కలిపితే ఒక కిటికీ తెరిచినప్పుడు రెండోది దారి మూసే ఉంచుతుంది, సైరన్ రాదు. ఈ వైర్లు 230 వోల్టుల వైర్ల పైపులో పోకూడదు.

ప్రయాణానికి వారం ముందే ఒక్కో రెక్కా తెరిచి, ప్యానెల్ మీద సరైన జోన్ వెలుగుతోందో లేదో చూసుకోండి. కరెంటు తీసేసి బ్యాటరీ మీద కూడా ఒకసారి సైరన్ మోగించి చూడండి.

ప్రశ్న: దుకాణం ఇనుప షట్టర్‌కు ఇంటి తలుపు సెన్సారే పెట్టాను. మూసినా తెరిచినట్టే చూపుతోంది.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ఇనుము అయస్కాంత బలాన్ని తనవైపు లాగేసుకుంటుంది. షట్టర్ల కోసమే అమ్మే పెద్ద సెన్సార్ తీసుకోండి. అయస్కాంతం షట్టర్ అడుగు పట్టీకి, స్విచ్ నేలకు. వైరు ఇనుప గొట్టంలో ఉండాలి, లేకపోతే కాళ్ల కింద నలుగుతుంది.