పెంచడానికి కాదు, తగ్గించడానికి

ప్రశ్న: కారులో 4 చానళ్ల యాంప్ (యాంప్లిఫయర్), డోర్ స్పీకర్లు, సబ్‌వూఫర్ (బేస్ కోసం ఉండే పెద్ద స్పీకర్) ఉన్నాయి. ఈమధ్య 7 బ్యాండ్ల ఈక్వలైజర్ (ధ్వనిని మందం నుంచి సన్నం దాకా 7 భాగాలుగా చేసి, ఒక్కోదాన్ని విడిగా పెంచే, తగ్గించే పరికరం) బిగించాను. బేస్ పెంచితే గాయకుడి గొంతు మూసుకుపోయినట్టు ఉంటోంది. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లలో ఈల మోగుతోంది. 15 బ్యాండ్లది తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దండి. మీకు 7 బ్యాండ్లు చాలు. 31 బ్యాండ్లది కూడా కొలిచే మైక్ లేకపోతే చీకట్లో తడుముకోవడమే.

ముందు ఈల సంగతి. ఇంజిన్ వేగంతో పాటు అది పెరిగి తగ్గుతోందంటే ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ బ్యాటరీని చార్జ్ చేసేది) రొద లోపలికి వస్తోందన్నమాట. ఈక్వలైజర్ ఎర్త్ ఒకచోట, స్టీరియో ఎర్త్ ఇంకోచోట బిగిస్తే తరచూ ఇలాగే అవుతుంది. రెండు నల్ల వైర్లనూ ఒకే బోల్టుకు వేయించండి. దాని కింద పెయింట్ గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దాలి. బ్యాటరీ నుంచి యాంప్‌కి వెళ్లే లావు వైరు ఎడమ పక్కన ఉంటే, ఆర్‌సీఏ వైర్లు (పాట సిగ్నల్‌ను యాంప్‌కి మోసేవి) కుడి పక్కన లాగించండి.

ఇక సెట్టింగ్. స్టీరియోలో బేస్, ట్రెబుల్ సున్నాకు తెచ్చి, లౌడ్‌నెస్, యాంప్ మీది బేస్ బూస్ట్ ఆపేయండి. ఈక్వలైజర్ మీటలన్నీ మధ్యలో ఉంచండి. యాంప్ గెయిన్ (వచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో చెప్పే నాబ్) పూర్తిగా తగ్గించి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, గెయిన్ మెల్లగా పెంచండి. గొంతు చీరుకుపోవడం మొదలవగానే కాస్త వెనక్కి తిప్పండి.

ఇప్పుడు బాగా తెలిసిన పాట పెట్టి, అద్దాలు మూసి, డ్రైవర్ సీట్లో కూర్చుని వినండి. గొంతు మూసుకుపోతే 125, 320 హెర్ట్జ్ దగ్గరి మీటలు 2–3 డెసిబెల్స్ దించండి. 'స', 'ష' చెవిలో గుచ్చుకుంటే 6 కిలోహెర్ట్జ్ దగ్గరిది దించండి. పెంచడానికి తొందరపడకండి: 3 డెసిబెల్స్ పెంచితే ఆ బ్యాండ్‌లో యాంప్ రెట్టింపు పవర్ ఇవ్వాలి, 12 పెంచితే 16 రెట్లు. అంత సత్తా దానికి లేక ధ్వని సిగ్నల్ తరంగం తల తెగిపోతుంది, ట్వీటర్లు (సన్నని శబ్దాల చిన్న స్పీకర్లు) మాడిపోయేది అప్పుడే. బేస్ చాలకపోతే సబ్‌వూఫర్ లెవెల్ నాబ్ తిప్పండి, క్రాసోవర్ (ఎక్కడిదాకా సబ్‌వూఫర్, ఎక్కడి నుంచి డోర్ స్పీకర్లు అని పంచేది) 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి.

అయినా బేస్ పలచగానే ఉంటే ఒక డోర్ స్పీకర్‌కి ప్లస్, మైనస్ తారుమారై ఉండొచ్చు. యాంప్ దగ్గర స్పీకర్ వైర్లు విప్పి, 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ని ప్లస్ వైరుకి, మైనస్‌ని మైనస్ వైరుకి ఒక్క క్షణం తాకించండి. స్పీకర్ కోన్ (ముందు కనిపించే గరాటు లాంటి పొర) బయటికి ఉబకాలి. ఏ డోర్‌లో లోపలికి పోతే అక్కడ వైర్లు మార్చండి. ఈ లోపాన్ని ఏ ఈక్వలైజరూ సరిచేయలేదు.