పాఠకుల ప్రశ్న: పట్టుచీర కట్టిన వీగన్

ప్రశ్న: మాంసం, గుడ్లు, పాలు, పెరుగు మానేసి ఏడాదయింది. వీగన్‌నని చెప్పుకుంటున్న నేను పట్టుచీరతో పెళ్లికి వెళ్తే మా ఆడపడుచు “వీగన్‌వై పట్టు కట్టావా?” అని నవ్వింది. ఆమె మాట న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నవ్వు సంగతి ఎలా ఉన్నా, మాట న్యాయమైనదే. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు పాలు, గుడ్లు కూడా ముట్టని శాకాహారుల కోసం ఈ పేరు పెట్టుకున్నారు; తరువాత వారి సంఘమే దాని అర్థాన్ని తిండి దగ్గర ఆపకుండా, బట్టకైనా మరే అవసరానికైనా జంతువులను హింసించి వాడుకోవడాన్ని సాధ్యమైనంతవరకు, ఆచరణలో వీలైనంతవరకు మానుకోవడంగా విస్తరించింది. మల్బరీ పట్టుదారం తెగకుండా రావాలంటే, పట్టుపురుగు రెక్కలు వచ్చి గూడును చీల్చుకుని బయటికి రాకముందే దాన్ని లోపలే వేడితో చంపుతారు. తేనె, తోలుచెప్పులు కూడా ఈ లెక్కలోవే.

అయితే “వీలైనంతవరకు” అన్న మాటను మరచిపోకండి. వైద్యులు రాసిన క్యాప్సూల్‌లో జెలటిన్ (జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే పదార్థం) ఉంటే మింగడం తప్పు కాదు. బీరువాలోని పాత చీరను కట్టాలా, ఎవరికైనా ఇవ్వాలా అన్నది మీ ఇష్టం. కొత్తది కొనడం మాత్రం, నా ఉద్దేశంలో, ఆ పేరుకు పొసగదు. ప్రస్తుతానికి “పాలు కూడా తీసుకోని శాకాహారిని” అంటే సరిపోతుంది. సంక్రాంతి సకినాలకు ఏ ఇబ్బందీ లేదు: బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె, అంతే.