మూసిన గేటు, క్యారియర్ మీది పిల్లవాడు

ప్రశ్న: మాది రాయగడ. మా మామగారు మనవడిని సైకిలు క్యారియర్‌పై కూర్చోబెట్టుకొని, రైల్వే గేటు వేసి ఉన్నా కింద నుంచి వంగి దాటిస్తున్నారు. చూసుకునే వెళ్తున్నాను, భయం లేదంటారు. ఆయనకు ఏమని చెప్పాలి?

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనదే. పట్టాల మధ్య దూరం 1.676 మీటర్లే అయినా రైలుపెట్టె వెడల్పు సుమారు 3.2 మీటర్లు కాబట్టి అది రెండు పక్కలా దాదాపు ముప్పావు మీటరు బయటికి ఉంటుంది. తొక్కేవారు దాటేశామనుకునే క్షణానికి వెనుక కూర్చున్న బిడ్డ ఇంకా దాని దారిలోనే ఉండవచ్చు. ముందున్నవారి వీపు అడ్డుగా ఉండి వాడికి ముందువైపు సరిగా కనిపించదు, కాళ్లు నేలకందవు, దూకి తప్పుకోలేడు. వేగంగా వచ్చే రైలు అత్యవసర బ్రేకు వేసినా ఆగేసరికి కిలోమీటరు దాటవచ్చు. మూసిన గేటును తెరవడం 1989 నాటి రైల్వే చట్టం 160వ సెక్షన్ కింద నేరం. అదే చట్టం 124ఎ సెక్షన్ కింద రైల్వే ఇచ్చే ప్రమాద పరిహారమేమో రైలు ప్రయాణికులకే గాని సైకిలుపై పట్టాలు దాటేవారికి వర్తించదు. మామగారికి ఈ కొలతలే నెమ్మదిగా వివరించండి. గేటు తెరిచాక కూడా మనవడిని దింపి, చెయ్యి పట్టుకొని నడిపించమని అడగండి.

ఎక్కడైనా ఇలాంటి ప్రమాదం కంటపడితే, మరో రైలు వచ్చే ముప్పు లేనప్పుడు గాయపడినవారి మెడను, వెన్నును కదల్చకుండా, రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టి, వెంటనే 108కి ఫోన్ చేయించాలి.